పాపాయి సీసా తోసేస్తే



మొన్న మా చెల్లెలు ఏడుస్తూ వచ్చింది. మనవరాలికి మూడు నెలలు. డబ్బా పాలే ఆధారం. పొద్దుటినుంచి సీసా నోట పెడితే తోసేస్తోంది.

"దిష్టి తగిలిందక్కా" అంది.

పాప నోరు తెరిచి చూశాను. నాలుకమీద, బుగ్గల లోపల తెల్లటి పూత. తుడిచినా పోలేదు. చప్పరిస్తే మంట పుట్టదూ మరి? ముక్కు దిబ్బడ వేసినా, చెవిపోటు వచ్చినా బిడ్డలు ఇలాగే చేస్తారు. ఒక్కోసారి పీక చిల్లు పూడుకుపోతుంది. అదీ చూడాలి.

బలవంతాన కుక్కకండి, పొలమారుతుంది. మేము ఉగ్గుగిన్నె మరగబెట్టి, పాపను నిటారుగా పట్టుకుని, కింది పెదవికి ఆనించాం. మెల్లమెల్లగా తాగింది. పూతకు డాక్టరు మందు ఇచ్చాడు.

తాగగా మిగిలిన పాలు పారబోయండి. డబ్బా ఖరీదు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. అయినా దాచకండి, నీళ్లు ఎక్కువ కలపకండి.

గిన్నెతో పట్టినా తాగకపోతే, ఉచ్చ తగ్గితే, మాడు గుంటపడితే, ఒళ్లు కాలితే, మగతగా ఉంటే తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి.