మన దేవళము, వారి దేఉళ



ఈ ఉగాదికి దేవాలయ నిర్మాణమును గురించి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘము వారు కోరినారు. మేము స్థపతులము కాము, ఆగమ పండితులమూ కాము. గంజాం జిల్లాలో తిరిగి గుడులు చూచినవారము, అంతే.

దక్షిణమునుండి బరంపురము క్రొత్తగా వచ్చిన మనవారు ఇక్కడి గుడి ముందు నిలిచి “గాలిగోపురమేదండీ?” అని అడుగుట మామూలు. మన కంటికి గుడి అనగా ముందు గోపురము, దాటగానే బలిపీఠము, ధ్వజస్తంభము, ఆపై మంటపము, అంతరాళము, చివర గర్భగృహము. గడప దాటినకొద్దీ వెలుతురు తగ్గును, మాటా తగ్గును. శ్రీరంగమునకు ఏడు ప్రాకారములు. 1987లో పూర్తియైన అక్కడి రాజగోపురము 236 అడుగులు. లోపల స్వామి విమానము చిన్నది. ఎత్తంతయు వాకిటనే ఉన్నది.

ఇక్కడ వ్యవహారము తలక్రిందులు. పూరీలో వెలుపల మేఘనాద ప్రాచీరము, లోపల కూర్మబేఢము, ఈ రెండే ఆవరణలు. సింహద్వారమునుండి ఇరువదిరెండు మెట్లెక్కవలెను. భోగమంటపము, నాటమందిరము, జగమోహనము, దేఉళ ఒకే వరుస. స్వామి యున్న చోటే 200 అడుగులకు పైగా లేచినది. జెండా కూడ శిఖరముపైని నీలచక్రమునకే కట్టుదురు. ఒడియా శిల్పులు దేఉళను మనిషిగా చూచినారు. దాని అడుగు పాదము, పైది జంఘ, మెడకు బేకి యని, పుర్రెకు ఖపురి యని పేర్లు. మన శాస్త్రములలోను పాదము, గ్రీవము, శిఖరము కలవు గదా! అసలు దేఉళ అన్న మాట మన దేవళమే.

ఇదంతయు ఇప్పుడెందుకనగా, మా వీధి గుడికి గోపురమెత్తి చుట్టును గోడ పెట్టవలెనని మనలో కొందరి పట్టు. గోడ లేచినచో నూతివైపు దారి మూసికొనిపోవును. ఒడియా ఆడవారు ఉదయమున నీళ్లబిందెతో వచ్చు దారి అదియే. మాకు గోపురమనిన ఇష్టమే, కాని ఆ గోడ ఇష్టము లేదు.

మన పెద్దలు ఈ చిక్కును ఎన్నడో చూచినారు. ముఖలింగము 1936 ఏప్రిల్ 1న రాష్ట్రము వేరగువరకు గంజాం జిల్లాలోనిదే. అక్కడి మధుకేశ్వరుని గుడి ఒడియా తీరు శిఖరముతో, మూలలలో చిన్న గుడులతో నున్నది. గోడలపై తెలుగు శాసనములున్నవి. కోణార్కను కట్టించిన గాంగ నరసింహదేవుని ఆనతితోనే 13వ శతాబ్దిలో సింహాచలపు గుడి తిరిగి లేచినది. శ్రీకూర్మములో స్వామి పడమర చూచును, ధ్వజస్తంభములు రెండు. ఏ శాస్త్రమునకు సరిపడునని అడిగినవారు లేరు కాబోలు.

మన ఊరిలోనే చూడండి. రెండేండ్లకొకసారి చైత్రమున బుఢీ ఠాకురాణి తన గుడి విడిచి, పుట్టింటికని దేశిబెహరా వీధికి వచ్చును. దేశిబెహరా నేతవారి పెద్ద. ఆ నేతవారి ఇండ్లలో తెలుగే మాట. అమ్మకు అక్కడ తాత్కాలిక మందిరమే, ప్రాకారము లేదు. ఆ దినములలో జనమే ప్రాకారము.

మయమతాది గ్రంథములలో అయిదు ఆవరణలు చెప్పబడినవి. అన్నిటికన్న వెలుపలిది మహామర్యాద. మర్యాద యనగా మొదట హద్దు. మనము మన్ననగా వాడుకొనుచున్నాము. రెండర్థములూ చెడకుండ కట్టవచ్చునని మా అభిప్రాయము. నూతివైపు ఒక వాకిలి విడిచిన చాలును. ఖర్చు కొంచెము పెరుగును.

వచ్చు ఆదివారము ఉదయము కొలత త్రాడుతో అక్కడ ఉందుము. ఇరుగుపొరుగు ఒడియా వారికి కూడ కబురు పెట్టినాము.