రేడియోలో రొద

కొన్నేండ్ల క్రిందట ఒక వృద్ధురాలు పాడెడి దంపుళ్ళ పాటలను రికార్డు చేయుటకై ఒక పల్లెకు వెళ్ళితిని. ఆమె ఒక్క పూటలో తొమ్మిది పాటలు పాడినది. తిరిగి వచ్చి వినగా, ప్రతి పాట వెనుకను సన్నని కీచుధ్వని. ఆమె ఊపిరి తీసికొన్న చోటులలో అది మరింత స్పష్టము. మైకును అనుమానించితిమి, తీగలు మార్చితిమి. తుదకు దోషము మేము స్వయముగా కూర్చుకొన్న చిన్న రికార్డరులోనే బయటపడినది. దానిని సరిచేసికొని మరల వెళ్ళునప్పటికి ఆమె కాలము చేసినది.

మా దోషమెల్ల కెపాసిటరును ఎన్నుకొనుటలోనిది. పూర్వము దీనినే కండెన్సరు అనెడివారు. ఇది విద్యుత్తును కొద్దిగా నిల్వచేసికొని, అడిగిన క్షణమున ఇచ్చును.

సర్క్యూటు బోర్డుపై ఉండెడి చిప్పులు ఎల్లవేళల ఒకే మోస్తరుగా కరెంటు తీసికొనవు. శబ్దమును మెమరీ కార్డుపై వ్రాయు చిప్పు ఒక క్షణము ఊరకుండి, మరుక్షణము ఒక్కసారిగా లాగును. బ్యాటరీ దూరమున ఉన్నది. నడుమనున్న తీగ ఆ ఆకస్మికమైన మార్పును అడ్డగించును. అంతట వోల్టేజి కుంగును. ఆ కుంగుబాటు అదే తీగపై ఆధారపడిన మైకు ఆంప్లిఫయరునకు ప్రాకి, రొదయై వినవచ్చును. మన వంటయిండ్ల సంగతి తలచుకొనుడు. నూతిలో నీరెంత ఉన్నను, కూర అడుగంటుచున్నప్పుడు అక్కరకు వచ్చునది పొయ్యి ప్రక్కనున్న చెంబెడు నీరే. చిప్పు ప్రక్కన పెట్టెడి కెపాసిటరు ఆ చెంబు వంటిది.

మేము చిప్పు చిప్పునకు ప్రక్కన 0.1 మైక్రోఫారడు సిరామిక్ కెపాసిటరు పెట్టి, అంతటితో తృప్తిపడితిమి. అది మెగాహెర్ట్జుల స్థాయి రొదకు చక్కని మందు. కాని మా కీచుధ్వని సుమారు 1,000 హెర్ట్జులది. ఆ స్థాయిలో ఆ కెపాసిటరు రొదకు చూపెడి ప్రక్కదారి 1,600 ఓములంత ఇరుకైనది. 100 మైక్రోఫారడులదైనచో 1.6 ఓములే. మైకు ఆంప్లిఫయరునకు పోవు తీగలో 100 ఓముల రెసిస్టరు చేర్చి, దాని వెనుక 100 మైక్రోఫారడుల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు పెట్టితిమి. కీచుధ్వని సుమారు 60వ వంతునకు తగ్గినది.

అట్లని పెద్దదే మంచిదనరాదు. పెద్ద ఎలక్ట్రోలిటిక్ మెగాహెర్ట్జుల స్థాయిలో మందగించును. చిన్న సిరామిక్ సైతము దూరమున పెట్టినచో నిష్ప్రయోజనము. 1 మిల్లీమీటరు దారికి సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్సు చేరును. చిప్పునకు ఆనుకొని ఉన్నప్పుడు 16 మెగాహెర్ట్జుల వరకు నిలిచెడి 0.1 మైక్రోఫారడు, 2 సెంటీమీటర్లు దూరమైనచో 3.5 మెగాహెర్ట్జులకే బలము కోల్పోవును. మరియొక మెలకువ: 6.3 వోల్టులకు తగినదని అమ్మెడి చిన్న 10 మైక్రోఫారడుల సిరామిక్, 5 వోల్టుల వద్దనే తన కెపాసిటీలో సగమునకు పైగా కోల్పోవచ్చును. పైపై అంకెలను నమ్మి కొనరాదు.

ఇక గృహస్థులకు ఒక మాట. పాత రేడియో గుంయిమనసాగినచో, తరచుగా కారణము ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరే. వేడి 10 డిగ్రీలు పెరిగిన కొలది దాని ఆయువు సుమారు సగమగును. కనుక సెట్టును ఎండ తగులు కిటికీలో ఉంచకుడు. ప్లగ్గు తీసిన పిదపను కెపాసిటరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును. మీరు విప్పక, పని తెలిసిన వానికి చూపుడు.

ఆ తొమ్మిది పాటల నుండి కీచుధ్వనిని తరువాత కంప్యూటరుపై కొంత వడగట్టితిమి. దానితోపాటు ఆమె గొంతులోని జీరయు కొంత పోయినది. కొద్ది రూపాయల వస్తువును ముందే సరిగా ఎన్నుకొనియున్నచో, ఆ జీరను నేడు మీకు వినిపించియుందును.