పాట కాని సంగీతం



మైదుకూరు నుండి ఒక శ్రోత కొన్ని వారాల క్రిందట మాకొక జాబు వ్రాశారు. జాబులు మాకు కొత్త కాదు. పాట పేరు, చిత్రం పేరు, కోరినవారి పేర్లు, వీటితోనే కార్డు నిండిపోతుంది. ఈ జాబులో అవి లేవు. ఆదిత్య 369 చిత్రంలో కాలయంత్రం కదిలే సమయాన వినవచ్చే సంగీతాన్ని ప్రసారం చేయమనీ, పాట మాత్రం వద్దనీ ఆయన కోరిక. రికార్డుల గదిలో వెదికించాను. ఆ చిత్రం పాటలు ఉన్నవి. ఆయన అడిగినది లేదు. లేదని ఒక్క ముక్క వ్రాసి ఊరకుండవచ్చును. ఎందుకు లేదో చెప్పడానికి మాత్రం ఒక్క ముక్క చాలదు.

చలనచిత్రంలో సంగీతం రెండు విధాలు. ఒకటి పాట. అది చిత్రం విడుదలకు ముందే రికార్డుగానో, క్యాసెట్టుగానో ఇంటింటికీ చేరేది. రెండవది నేపథ్య సంగీతం. మాటల వెనుక, మాటలు లేని చోట, గుర్రపు డెక్కల క్రింద, పిడుగుపాటు ప్రక్కన నిలిచి కథను మోసేది అదే. రెండున్నర గంటల చిత్రంలో పాటలు అరగంటకు మించవు. తక్కిన కాలంలో వాద్యకారులు వాయించినదంతా రికార్డుకు ఎక్కక, తెరపై బొమ్మతోపాటే వచ్చి బొమ్మతోపాటే పోతుంది.

పౌరాణిక చిత్రానికి ఏ వాద్యం వాడాలో మనకు తెలుసు. భవిష్యత్తును చూపే చిత్రానికి ఏ వాద్యం వాడాలి? మైదుకూరు శ్రోతకు ఈ ప్రశ్న వింతగా తోచదు. ఆ ఊరికి సమీపానే కందిమల్లాయపల్లె, బ్రహ్మంగారి మఠం ఉన్నవి. రాబోయే కాలాన్ని గురించిన మాటలను తంబుర శ్రుతిలో వినడం ఆ ప్రాంతంవారికి తరతరాల అలవాటు. భవిష్యత్తుకు వారు ఎంచుకున్న వాద్యం ఒక్క తంబుర. సినిమావారికి అంత సులభంగా తేలలేదు.

1951లో అమెరికాలో 'ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్' అనే చిత్రానికి బెర్నార్డ్ హెర్మన్ సంగీతం కూర్చాడు. అన్యగ్రహవాసి రాకను సూచించడానికి ఆయన థెరమిన్ అనే విద్యుద్వాద్యాన్ని వాడాడు. దానిని చేతితో తాకనక్కరలేదు. గాలిలో చేతులు కదిపితే పలుకుతుంది. 1956లో 'ఫర్‌బిడెన్ ప్లానెట్' చిత్రానికి బారన్ దంపతులు వాద్యాలన్నింటినీ ప్రక్కకు నెట్టి, విద్యుద్వలయాల నుండి పుట్టిన ధ్వనులతోనే పని ముగించారు. అది సంగీతమా కాదా అన్న వాదం కూడ బయలుదేరింది. తరువాత 1977లో జాన్ విలియమ్స్ ఆ దారిని విడిచిపెట్టాడు. 'స్టార్ వార్స్'లో అంతరిక్ష నౌకల పోరుకు ఆయన ఎంచుకున్నది వయొలిన్లు, కొమ్ముబూరలు గల పాతకాలపు మహావాద్యబృందం. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన ఆ నేపథ్య సంగీతాన్ని రెండు ఎల్‌.పి. రికార్డులుగా, సుమారు 75 నిమిషాల నిడివితో విడుదల చేశారు. పాట అన్నది లేకుండానే ఆ రికార్డు పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయింది. వాద్య సంగీతాన్ని ఎవరు కొంటారని వ్యాపారులు అంటూ ఉంటారు. కొన్నవారు ఉన్నారు.

మన దగ్గర ఈ కథ మరొక విధంగా నడిచింది. అందులో కడప జిల్లాకు భాగం ఉన్నది. విజయా సంస్థను చక్రపాణిగారితో కలిసి నడిపిన బి. నాగిరెడ్డిగారు, ఆయన అన్నగారు బి.ఎన్. రెడ్డిగారు ఈ జిల్లా బిడ్డలే. 1951లోనే అన్నగారు కృష్ణదేవరాయల నాటి కథతో 'మల్లీశ్వరి' తీశారు. తమ్ముని సంస్థ 'పాతాళభైరవి' తీసింది. మల్లీశ్వరి అనగానే సాలూరి రాజేశ్వరరావుగారిని తలవని తెలుగువాడు లేడు. ఆ చిత్రానికి వాద్యబృందాన్ని నిర్వహించిన అద్దేపల్లి రామారావుగారి పేరు ఎందరికి గుర్తున్నది? పాటకు దక్కిన కీర్తి వాద్యానికి దక్కదనడానికి ఇంతకన్న నిదర్శనం నాకు దొరకలేదు.

ఆ విజయా సంస్థలోనే కె.వి. రెడ్డిగారు 1957లో 'మాయాబజార్' తీశారు. దూరాన ఉన్న ప్రియుని చూపించే 'ప్రియదర్శిని' పెట్టె అందులోనిదే. సైన్సు ఫిక్షన్ అనే మాట మనకు అలవాటు కాకముందే మనవారు దానిని మాయ పేరిట తీశారని నాకనిపిస్తుంది. ఆ చిత్రానికి కె.వి. రెడ్డిగారి వద్ద సహాయకుడుగా పనిచేసిన యువకుడు సింగీతం శ్రీనివాసరావుగారు. ఆయనే 1987లో మాటలే లేని 'పుష్పక విమానం' తీశారు. మాట లేని చోట సంగీతం ఎంత బరువు మోయగలదో ఎల్. వైద్యనాథన్‌గారు అందులో చూపించారు. 1991లో ఆదిత్య 369 తీసినదీ సింగీతంవారే. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏ.డి.'కి మార్గదర్శకులుగా నిలిచినదీ వారే.

ఆదిత్య 369లో కాలయంత్రం వెనుకకు పోతే 1526, రాయలవారి విజయనగరం. ముందుకు పోతే 2504. మధ్యలో మన కాలం. మూడు కాలాలను ఒక్క వాద్యబృందంతో పలికించే బాధ్యత ఇళయరాజాగారిది. ఆయన పని తీరు ప్రసిద్ధమే. చిత్రం కూర్పు ముగిసిన తరువాత ఒక్కొక్క రీలు వేయించుకొని చూస్తారు. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. చూసిన వెంటనే హార్మోనియం ముట్టకుండా కాగితంపై స్వరాలు వ్రాస్తారు. ఏ వాద్యానికి ఏ భాగమో విడదీసి వాద్యకారులకు ఇస్తారు. వారు దానిని వాయిస్తారు. ఆ వాయించినది మాటలతోను, ఇతర ధ్వనులతోను కలిసి ఫిలిం అంచున సన్నని గీతగా అచ్చుపడేది. పాలలో కలిసిన నీటివలె ఆ సంగీతాన్ని మరల వేరు చేయడం కష్టం. మైదుకూరు శ్రోత అడిగినది మా గదిలో లేకపోవడానికి కారణం ఇదే. చిత్రం నుండి ఎత్తి ప్రసారం చేద్దామంటే కాలయంత్రపు చప్పుడు, పాత్రల కేకలు వెంటవస్తవి. 2025 ఏప్రిల్‌లో ఆ చిత్రాన్ని మెరుగుపరచి మరల విడుదల చేసినప్పుడు ధ్వని స్పష్టమైన మాట నిజం. అయినా అది చిత్రమే గాని సంగీతపు రికార్డు కాదు.

టేపు పోయినా కాగితం ఉంటే ఆశ ఉన్నది. 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ'కి అలెక్స్ నార్త్ అనే ఆయన సంగీతం వ్రాశాడు. దర్శకుడు కూబ్రిక్ దానిని త్రోసివేసి పూర్వపు స్వరకర్తల రచనలు వాడుకున్నాడు. ఆ సంగతి నార్త్‌కు చిత్రం చూస్తున్నప్పుడు గాని తెలియలేదు. ఆయన 1991లో కన్నుమూశాడు. 1993లో ఆయన మిత్రుడు జెరీ గోల్డ్‌స్మిత్ ఆ కాగితాలను ముందు పెట్టుకొని, లండన్‌లో వాద్యబృందంచేత వాయించి రికార్డు తెచ్చాడు. చిత్రంలో ఒక్క క్షణమూ వినబడని సంగీతానికే ఈ భాగ్యం కలిగినప్పుడు, థియేటర్లలో జనం విని మెచ్చిన సంగీతానికి ఎందుకు కలుగరాదు? స్వరలిపిలో వ్రాసే అలవాటు ఇళయరాజాగారికి ఉన్నది. 2025 మార్చి 8న లండన్‌లో ఆయన సింఫనీని అక్కడి వాద్యకారులు వాయించగలిగింది వ్రాతలో ఉన్నందుననే గదా. 'బాహుబలి' నేపథ్య సంగీతాన్ని ఇటీవలి కాలంలో పాటలతో పాటు విడిగా సంపుటాలుగా తెచ్చారు. ఆకాశవాణి తన వాద్యవృందాన్ని 1952లోనే ఏర్పాటు చేసుకున్నది. పాత చిత్రాల నేపథ్య సంగీతాన్ని కాగితాల నుండి మరల వాయించి రికార్డు చేసే పని ఎవరైనా తలపెడితే అది వ్యాపారమైనా సరే, నేను తప్పుపట్టను.

ఇక ఆ శ్రోతకు జవాబు. ఆయన కోరినది ఇవ్వలేకపోయినా, దానికి దగ్గరి చుట్టం ఒకటి మా గదిలోనే ఉన్నదని తరువాత తట్టింది. పల్లవికి ముందు, చరణానికీ చరణానికీ నడుమ వచ్చే వాద్యఖండాలు అవి. ఇళయరాజాగారు వాటిని పాటంత శ్రద్ధతోను వ్రాస్తారు. మా వృత్తిలో ఒక దురలవాటు ఉన్నది. పల్లవికి ముందటి వాద్యం మీదనే చిత్రం పేరు, కోరినవారి పేర్లు చదివేస్తాము. వేళ ముగిసేటట్లుంటే రెండవ చరణానికి ముందే పాటను తగ్గిస్తాము. నేనూ ఇన్నేళ్లూ అదే చేశాను. ఆ వారం ఆదిత్య 369 పాటకు ముందే పేర్లన్నీ చదివి, మైక్ మూసి, చివరి స్వరం వరకు ఊరకున్నాను. మైదుకూరు నుండి మరొక కార్డు వచ్చింది. ఈసారి ఆయన కోరినది మొదటి చరణానికి ముందు వచ్చే వయొలిన్లను.