చెంచా పట్టిన చెయ్యి

వార్షిక మహాజన సభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం



పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బాకీలు కోశాధికారి అక్క ఇప్పుడే చదివింది. మేము ఆ లెక్కల్లోకి రాని ఒక సంగతి చెప్తాం. అందులో మా తప్పు కూడా ఉంది.

మా సంఘంలో ఒక అక్క మూడు నెలలు మీటింగుకు రాలేదు. తీర్మానం ప్రకారం జరిమానా రాసి వసూలు చేశాం. ఎందుకు రావట్లేదో మాకు తెలియక కాదు. ఆమె భర్తను మేమంతా బావా అని పిలుస్తాం. గీత కార్మికుడు. మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నది. మూడు పూటలా ఆమె తినిపిస్తేనే తినాలె. తెలిసి కూడా జరిమానా తీసుకున్నాం.

తర్వాత మాకే సిగ్గనిపించి, వంతులు వేసుకొని వాళ్లింటికి పోయినం. ఊరికే కూర్చోలేక నూనె రాసి ఆయన వేళ్లు సాపు చేసేవాళ్లం. మణికట్టు వెనక్కి వంచి, వేళ్లన్నీ బలంగా చాపేవాళ్లం. ముడుచుకున్న చెయ్యి పనికిరాదని మా లెక్క. ఒకరోజు ఫిజియోథెరపీ మేడం చూసి, "అట్ల చెయ్యకండమ్మా, ఆయనకు మిగిలిన పట్టు మీరే పోగొడుతున్నరు" అన్నది.

అదేందో మీకూ చూపిస్తాం. అందరూ ఒక్కసారి మోచెయ్యి ఒళ్లో ఆనించి ముంజెయ్యి లేపండి. మణికట్టు వదిలేసి చెయ్యి కిందికి వేలాడనియ్యండి. వేళ్లు వాటంతటవే తెరుచుకున్నయి గదా? ఇప్పుడు వేళ్లకు బలం పెట్టకుండా మణికట్టు ఒక్కటే పైకి లేపండి. వేళ్లు ముడుచుకుంటయి, బొటనవేలు చూపుడువేలి పక్కకు వస్తది. వేళ్లను వంచే స్నాయువులు తాళ్లలాగా ముంజేతి నుంచి మణికట్టు దాటి వేళ్లకు పోతాయి. మణికట్టు లేస్తే ఆ తాడు బిగుస్తుంది.

మెడలో ఆరో నరం దాకా పనిచేసేవాళ్లకు మోచెయ్యి వంగుతుంది, మణికట్టు లేస్తుంది, వేళ్లు మాత్రం కదలవు. వాళ్లకు ఈ తాడు బిగువే పట్టు. మేము చాపి చాపి దాన్నే వదులు చేస్తున్నాం. మణికట్టు పైకి ఉంటే వేళ్లు ముడిచి ఉంచాలె, వేళ్లు చాపాలంటే మణికట్టు కిందికి వంచాలె. రెండూ ఒకేసారి చాపొద్దు. అందరి దెబ్బ ఒక్కతీరుగా ఉండదు కాబట్టి ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

చెంచాకు మేడం ఒక పట్టీ చూపించింది. అరచేతి చుట్టూ తిరుగుతుంది, లోపలివైపు చిన్న జేబు, అందులో చెంచా పిడి దూరుతుంది. మా కుట్టు సెంటర్ చెల్లె పాత స్కూలు బ్యాగు పట్టీకి వెల్క్రో వేసి కుట్టింది. మొదటిది బిగుతయింది. బావకు చేతిలో స్పర్శ లేదు, నొప్పి తెలియలేదు. తీసి చూస్తే ఎర్రగా అచ్చు పడింది. రెండోది వదులుగా, లోపల మెత్తని గుడ్డ పెట్టి కుట్టింది. ఇప్పుడు తీసిన ప్రతిసారీ అక్క చర్మం చూస్తుంది. అదే జేబులో దువ్వెన పడుతుంది, పెన్ను పడుతుంది.

ఈలోగా ఒకాయన కరెంటు మిషను తెచ్చి, చేతులు మళ్లీ మామూలుగా అయితయన్నాడు. లోను తీర్మానం దాకా పోయినం. ఆయన ఫోన్‌లో చూపించిన అమెరికా వీడియో మాత్రం అబద్ధం కాదు. క్లీవ్‌లాండ్‌లో బిల్ కొచెవార్ అనే ఆయన సైకిల్ ప్రమాదంలో మెడ కింద కదలిక పోగొట్టుకున్నాడు. డాక్టర్లు ఆయన మెదడులో రెండు సెన్సార్లు, చేతిలో 36 ఎలక్ట్రోడ్లు పెట్టారు. మనసులో అనుకుంటే చెయ్యి కదిలి కాఫీ తాగాడు, ముద్ద తిన్నాడు. 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. కానీ అది పరిశోధన, ఆపరేషన్లతో చేసింది. అంత చేసినా చెయ్యి బరువు మొయ్యడానికి కింద మోటారు ఆధారం పెట్టాల్సి వచ్చింది. సంచిలో తెచ్చిన డబ్బాతో అయ్యే పని కాదది. కరెంటు పెట్టి కండరాలు కదిలించే వైద్యం ఉన్నమాట నిజమే, అది ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలె. లోను ఆపినం. కొందరికి కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

సదరం సర్టిఫికెట్, పింఛను పనులకు వీఓఏలు సాయం చేస్తారు. ఇంకొకటి, చెట్టు మీది నుంచి ఎవరు పడ్డా చేతులు కాళ్లు పట్టి ఎత్తొద్దు. మెడ కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి.

బావ ఇప్పుడు పగటిపూట బువ్వ తనే తింటున్నాడు. కొంత ఒళ్లో పడుతుంది. రాత్రికి చెయ్యి అలసిపోతుంది, అప్పుడు అక్కే తినిపిస్తుంది. అక్క మీటింగుకు వస్తోంది. తీసుకున్న జరిమానా తీర్మానం రాసి వాపసు ఇచ్చాం.

కుట్టు సెంటర్లో ఇంకో మూడు పట్టీలు కుట్టి ఉన్నాయి. మీ ఊళ్లో ఇట్లాంటివాళ్లు ఉంటే అరచేతి చుట్టుకొలత దారంతో కొలిచి, ఆ దారం వీఓఏతో పంపండి.