మాంసము మానినవారు, వారు చెప్పిన కారణములు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఊరిలో ఒకడు మాంసము మానినాడను వార్త రచ్చకట్టకు చేరగానే రెండు ప్రశ్నలు పుట్టుచుండును. గురువువద్ద ఉపదేశము పొందెనా అనునది మొదటిది. వైద్యుడు వలదనెనా అనునది రెండవది. ఈ రెండును గాక మూడవ కారణ మొకటి ఉండవచ్చునని ఎవరికిని తోచదు. మెడలో లింగము ధరించినవారు, తులసిమాల వేసికొన్నవారు మానుదురు. శ్రావణమాసమున కొందరు, శనివారమున కొందరు మానుదురు. అది ఆచారము. ఆచారము మంచిదే. కాని ఒకడు తన కడుపును గూర్చి తాను విచారించుకొని, ఇందువలన మానితినని నలుగురియెదుట ఒప్పుకొనుట అరుదు. అట్లు ఒప్పుకొన్న ఇద్దరి మాటలు ఈ దేశమున నిలిచియున్నవి. ఒకరివి రాతిమీద, ఒకరివి కాగితముమీద.

రాతిమీది మాటకు దూరము పోనక్కరలేదు. పాలమూరునుండి దక్షిణముగా కృష్ణను, తుంగభద్రను దాటి, కర్నూలు జిల్లాలో గుత్తి త్రోవను పోయినచో ఎఱ్ఱగుడి వచ్చును. అచ్చటి గుట్టబండలపై అశోక చక్రవర్తి ధర్మశాసనములు ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కబడియున్నవి. వయస్సు రెండువేల రెండువందల యేండ్లకు మించినది. పాలమూరునకు పడమటి పొరుగైన రాయచూరు జిల్లాలోని మస్కిలో 1915లో మరియొక శాసనము బయల్పడినది. దేవానాంప్రియుడని తన్ను చెప్పుకొన్న రాజు అశోకుడేయని పేరుతో సహా తెలిపినందున దానికి విశేష ఖ్యాతి కలిగినది.

పదునాలుగింటిలో మొదటి శాసనము విషయమేమి? యుద్ధము కాదు, పన్ను కాదు, రాజుగారి వంటయిల్లు. పూర్వము తన పాకశాలలో కూరలకొరకు అనుదినము అనేక లక్షల ప్రాణులు చంపబడుచుండెడివని రాజు చెప్పుచున్నాడు. ఈ సంఖ్య కొంత రాజులెక్కయే కావచ్చును. తరువాతి మాట మాత్రము అట్టిది కాదు. ఈ శాసనము వ్రాయించునాటికి మూడే ప్రాణులు చంపబడుచున్నవట: రెండు నెమళ్ళు, ఒక లేడి. ఆ లేడియు నిత్యము కాదు. ఇక మీదట ఆ మూడును చంపబడవని ముగించినాడు.

జమాఖర్చులు వ్రాయువారికి ఈ మూడు అంకె వద్ద చూపు నిలిచిపోవును. అంతటి చక్రవర్తి పూర్తిగా మానితినని చెక్కించినచో కాదనువాడెవడు? వంటయింటిలోనికి పోయి ఎవడు లెక్క చూచును? అయినను మిగిలిన నిలువను దాచలేదు. నెమలిమాంసముపై కోరిక ఇంకను పోలేదని దేశమెల్ల చదువుకొనునట్లు బండమీద వేయించినాడు. తన బలహీనతను ఇంత స్పష్టముగా ప్రకటించిన రాజు మరియొకడు చరిత్రలో సులభముగా దొరకడు. ఆ నెమలియే 1963లో భారతదేశపు జాతీయపక్షియైనది; దానిని చంపుట 1972నాటి చట్టముచే నేరమైనది.

కారణము మరియొక శాసనమున కలదు. పట్టాభిషేకమైన ఎనిమిదవ యేట కళింగమును జయించినాడు. ఆ యుద్ధమున లక్షమంది హతులైరి, లక్షన్నర మంది చెఱగొనిపోబడిరి, అంతకు అనేక రెట్లు మంది పిమ్మట నశించిరి. ఈ లెక్కయు ఆయనయే చెప్పినాడు, పశ్చాత్తాపముతో చెప్పినాడు. ఆంధ్రుల పేరును ఆ శాసనముననే ఉన్నది. కళింగమునకును వంటయింటి శాసనమునకును నడుమ నాలుగైదేండ్లు గడచియుండును. కావున మనసు మారిన నాడే విస్తరి మారలేదు. లక్షలు మూడుగుటకు కొన్ని యేండ్లు పట్టినది. ఒక్కనాటిలో మానలేకపోతిమని సిగ్గుపడువారు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఎఱ్ఱగుడిలోనే ఉన్న చిన్న శాసనమున మరియొక వింత. కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికి, మరికొన్ని కుడినుండి ఎడమకు, ఎద్దులు చాలు తిరిగినట్లు సాగినవి. తల్లిదండ్రుల మాట వినవలెను, ప్రాణులయెడ దయ చూపవలెను అను ఉత్తరువును భేరి వేయించి జనపదమునకు వినిపించు పని రజ్జుకులకు అప్పగింపబడినది. రజ్జువనగా త్రాడు, భూమిని కొలుచువారికి ఆ పేరు వచ్చినదని పండితుల అభిప్రాయము. గొలుసు పట్టినవారికి, పహాణీలు వ్రాసినవారికి వారు పూర్వీకులన్నమాట. దయను గూర్చి దండోరా వేయించు భారము ఆ ఉద్యోగులపై ఎందుకు పడినదో వారు ఏమనుకొనిరో ఏ బండయు చెప్పదు.

ఇక కాగితముమీది మాట గాంధీమహాత్మునిది. ఆత్మకథ ఈ సభలో అనేకులు చదివినదే. బాల్యమున మిత్రుని ప్రోద్బలముతో, ఆంగ్లేయుల బలమంతయు మాంసమందే కలదని నమ్మి, నదీతీరమున చాటుగా మేకమాంసము తినెను. ఆ రాత్రి కడుపులో మేక అరచినట్లు తోచి నిద్రపట్టలేదు. అయినను మరికొన్ని పర్యాయములు తినెను. తుదకు మానెను. ఎందుకు? మేకపై జాలిచేత కాదు! ఇంట భోజనము వలదనుటకు తల్లితో అబద్ధమాడవలసివచ్చినది. ఆ అబద్ధము భరింపరానిదైనది. తల్లిదండ్రులు జీవించియున్నంతకాలము తినరాదు, పిమ్మట స్వేచ్ఛగా తినవచ్చును అని ఆనాటి నిశ్చయము. 1888లో సీమకు పోవునపుడు తల్లికి ప్రమాణము చేసెను. లండనులో ఆకలితో నెలలు గడపెను. ఒకనాడు శాకాహార భోజనశాల కనబడగా అందు కడుపునిండ తిని, సాల్టు అను నాతని పుస్తకము కొని చదివెను. అంతవరకు మాట కొరకు మానినవాడు, భారతీయులందరును మాంసము తినిన బాగుండునని లోలోపల కోరుకొన్నవాడు, ఆ దినమునుండి తన బుద్ధితో మానెను. ఒక చిన్న పుస్తకము చేసిన పని అది. గ్రంథాలయపు ఉత్సవమున ఈ మాట చెప్పకుండుట తగదు.

అశోకునికి రక్తము చూచిన పశ్చాత్తాపము, గాంధీకి అబద్ధముపై రోత. ఇద్దరి కారణములు ఒకటి కావు. రెండును వారి సొంతములు.

ఈ నేలమీద ఇట్టి విచారము కొత్తది కాదు. కొలనుపాకలో జైనులు నేటికిని యాత్రకు వచ్చుచున్నారు. జడ్చెర్ల సమీపమున అల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన జైనాలయము కలదు. జనులు దానిని గొల్లత్తగుడి యందురు. చీమకైన కీడు తలపెట్టని జైనుల కోవెలకు గొఱ్ఱెలు కాచు గొల్లత్త పేరు వచ్చుట విచిత్రమే. కాని ఈ మెట్టసీమలో గొఱ్ఱె లేనిదే ఏది? వానలు తప్పిన యేట జొన్న ఎండిపోవును, మంద మాత్రము ఏ కంపచెట్లనైన మేసి బ్రదుకును. రాత్రులందు మందను చేనిలో నిలిపిన రైతునకు ఎరువు దక్కును, కాపరికి గింజలు దక్కును. కూలివాని యింట మాంసము ఏ దసరాకో, గ్రామదేవత కొలుపునకో. ఇంట నెయ్యి, పప్పు, పెరుగు సమృద్ధిగా నున్నవాడు మాంసము మానుట యొక త్యాగమని చెప్పుకొని, ఏడాదికి రెండుమార్లు తినువాని పంక్తిని చూచి ముక్కు మూసికొనుట న్యాయము కాదు. కొన్నియూళ్ళలో అట్టి మాటలు వినబడుచున్నవి. అశోకుడు సహితము తన ఇరువదియారవ రాజ్యవత్సరమున కొన్ని జాతుల ప్రాణులను చంపరాదని, కొన్ని దినములందు చేపలు అమ్మరాదని శాసించెనే కాని ప్రజలందరును మాంసము మానవలసినదని ఆజ్ఞాపింపలేదు.

మన కావ్యములును ఈ గర్వమును సహింపలేదు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నడు పెట్టిన మాంసమును శివుడు ఆదరముతో గ్రహించెను. అది చూచి మండిపడిన అర్చకుని చాటున నిలిపి, ఆ బోయవాడు తన కన్నును తీసి యిచ్చుట చూపించెను. భారతారణ్యపర్వమున ధర్మవ్యాధుని కథ ఇంతకంటె సూక్ష్మమైనది. కోపపుచూపుతో కొంగను కాల్చిన కౌశికుడను బ్రాహ్మణుడు ధర్మము తెలిసికొనుటకు మిథిలకు పోగా, చూపింపబడిన గురువు మాంసపుటంగడిలో కూర్చుండియుండెను. ఆ వ్యాధుడు మాంసమమ్మును, తాను చంపడు, తాను తినడు. అయినను తినువారిని నిందింపలేదు. నాగలి దున్నినపుడు మంటిలో ఎన్ని ప్రాణులు చచ్చునో, గింజలోనే జీవమున్నపుడు పూర్తిగా హింస లేనివాడెవడో చెప్పుమని బ్రాహ్మణునే అడిగెను. తాను మానిన కారణమును మాత్రము ఇతరులపై రుద్దలేదు. అంగడి కట్టివేసి అతిథిని ఇంటికి కొనిపోయి, తన ముసలి తల్లిదండ్రులను చూపి, తనకు దైవములు వీరేయనెను. వారి అనుమతి లేక ఇల్లు విడిచి వచ్చిన కౌశికునకు అప్పుడు తన తల్లిదండ్రులు జ్ఞప్తికి వచ్చిరి. ఆతడు మరలి ఇంటికి పోయెను.