కొండబాటలో విరాళాల పరుగు

(అండమాన్ దీవులలోని తెలుగు విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



మౌంట్ మణిపూర్ అడవిబాటలో విరాళాల పరుగు పెట్టవచ్చునా అని మీలో కొందరు అడిగారు. పెట్టవచ్చును. అయితే ఆ బాట ఎవరెవరి అడుగులను ఎరుగునో తెలుసుకుని పరుగెత్తాలని నా కోరిక.

దక్షిణ అండమాన్‌లోని ఈ కొండ ఎత్తు దాదాపు 383 మీటర్లు. 1862 నుండి 1864 వరకు ఇక్కడి ఖైదీల స్థావరానికి అధిపతిగా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య పేరిట దీనిని మౌంట్ హారియట్ అన్నారు. ఆంగ్ల అధికారులకు ఇది వేసవి విడిది. ఇక్కడ సూర్యాస్తమయం చూసి దిగివచ్చిన వైస్రాయి లార్డ్ మేయో 1872 ఫిబ్రవరి 8న, కొండ పాదాన గల హోప్‌టౌన్ రేవులో, షేర్ అలీ అనే ఖైదీ కత్తికి బలి అయ్యాడు. పాత 20 రూపాయల నోటు వెనుక మీరు చూసిన కొబ్బరిచెట్లూ దీపస్తంభమూ ఈ కొండ మీది నుండి కనిపించే దృశ్యమే.

1891 యుద్ధంలో ఓడిన మణిపూర్ మహారాజు కులచంద్ర ధ్వజ సింహునీ, ఆయన సహచరులనూ ఇక్కడికి పంపి ఈ కొండ మీదనే ఉంచారు. సెల్యులర్ జైలు అప్పటికింకా లేదు. దాని నిర్మాణం 1896లో మొదలై 1906లో ముగిసింది. 2021 అక్టోబరులో కొండకు కొత్త పేరు పెట్టినది ఆ మణిపురీ వీరుల స్మృతికే. సముద్రతీరమే లేని సీమ నుండి వచ్చినవారు ప్రతి ఉదయం ఈ నీటిని చూస్తూ మేల్కొన్నారు! మనకు కూడా ఈ కథ పరాయిది కాదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి, 1952లో విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైనాడు.

హిందీ నుండి తెలుగులోనికి అనువదించేటప్పుడు ‘కాలాపానీ’ అన్న మాట నా కలాన్ని తరచు ఆపుతుంది. మనం ‘ద్వీపాంతరవాసం’ అంటాము. హిందీ మాటలో సముద్రపు భయం ఉన్నది. తెలుగు మాటలో ఆ సముద్రం దాటినవాని బ్రదుకు ఉన్నది. మీ బాటలో ‘కాలాపత్థర్’ అనే మరొక నలుపు ఎదురవుతుంది. శిఖరం నుండి అడవిలో సుమారు రెండున్నర కిలోమీటర్లు నడిస్తే వచ్చే ఆ రాతి మీది నుండి ఖైదీలను లోయలోనికి తోసేవారని స్థానికులు చెప్పుకుంటారు. అటువంటి చోట గడియారం చూసుకుంటూ ముందువానిని దాటిపోవడం నాకు సమ్మతం కాదు.

పోటీ లేకుండా పరుగేమిటి అంటారేమో! కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ క్యాన్సర్ వలన ఒక కాలు పోగొట్టుకుని, కృత్రిమ పాదంతో 1980లో 143 రోజులు పరుగెత్తాడు. 5,373 కిలోమీటర్ల తరువాత వ్యాధి ఊపిరితిత్తులకు సోకి ఆగిపోయాడు. మరుసటి ఏడు మరణించాడు. అతడెవరినీ ఓడించలేదు. క్యాన్సర్ పరిశోధనకై అతని పేరిట నేటికీ జరిగే పరుగులలో గెలుపోటములు లేవు. మీరు కూడా బహుమతులు పెట్టవద్దు.

ఇది జాతీయ వనం. అటవీశాఖ అనుమతి ముందుగా తీసుకోండి. వందల మందిని పోగు చేయకండి. వానకాలంలో జలగలూ బురదా తప్పవు, కనుక జనవరి మేలు. చలికాలంలో ఇక్కడ ఐదున్నర దాటకముందే పొద్దు గుంకుతుంది, తెల్లవారగానే బయలుదేరండి. వచ్చిన సొమ్ము, దూరపు దీవుల నుండి ఓడలో వైద్యానికి వచ్చే రోగుల వెంట ఉండేవారి బసకూ భోజనానికీ ఇమ్మని నా సూచన. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన మన పోర్ట్ బ్లెయిర్‌కు వారు కూడా సముద్రం దాటి వస్తున్నవారే.