చేప పేరు, చేప పుట్టుక

(యానాములో మన సంఘ సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను మెట్రిక్యులేషను వరకు చదివి, బియ్యము పప్పుల కొట్టులో కూర్చున్నవాడను. శాస్త్రజ్ఞుడను కాను. అయినను ఈనాడు జన్యు పరీక్షను గూర్చి మాటలాడ సాహసించుటకు కారణము ఒక చేప. గోదావరికి ఎర్రనీరు వచ్చిన దినములలో మా బావగారు బెంగుళూరునుండి వచ్చియుండగా, పులస యని చెప్పిన మాట నమ్మి వేల రూపాయలు పోసి కొంటిని. మా అమ్మ ఒక ముద్ద నోట పెట్టుకొని, "అబ్బాయీ, ఇది ఏరు ఎక్కిన చేప కాదురా, సముద్రపు విలస" అన్నది. బావగారు మర్యాదకు ఏమియు అనలేదు. నాకు మాత్రము ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తూకములో మోసమును తూనికరాయి పట్టించును. పేరులో మోసమును ఏది పట్టించును?

2008లో న్యూయార్కు నగరమున ఇద్దరు ఉన్నత పాఠశాల బాలికలకు ఇట్టి సందేహమే కలిగినది. వారు చుట్టుపట్ల కొట్లలోను, భోజనశాలలలోను 60 చేపముక్కలు సేకరించి, కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమునకు పరీక్షకై పంపిరి. గుర్తింప వీలైనవానిలో సుమారు నాలుగవ వంతు ముక్కలకు పెట్టిన పేర్లు తప్పని తేలినది. "తెల్ల ట్యూనా" యని ప్రియముగా అమ్మిన ముక్క తిలాపియా అయినది!

ఆ పద్ధతిని 2003లో ఆ విశ్వవిద్యాలయపు ఆచార్యులు పాల్ హెబర్ట్ గారు ప్రతిపాదించిరి. ప్రతి ప్రాణి కణములలోను డి.ఎన్.ఏ. యను వ్రాత కలదు. అందులో ఒక జన్యువునుండి సుమారు 650 అక్షరముల భాగమును చదివి, ముందుగా గుర్తించియుంచిన జాతుల పట్టికతో సరిచూతురు. తల తీసినను, పొలుసు ఒలిచినను, ఆ వ్రాత చెరగదు. కూర వండిన ముక్కనుండియు తరచుగా చదువవచ్చును. డబ్బాలలో అధికమైన వేడికి గురియైన చేపలో మాత్రము ఆ వ్రాత తునకలగును గనుక, చిన్న చిన్న భాగములను చదువవలసియుండును.

తరువాత 2013లో ఓషియానా యను సంస్థ అమెరికాలో పరీక్షించిన 1,215 నమూనాల ఫలితములను ప్రకటించినది. మూడింట ఒక వంతు పేరు తప్పినవే. "రెడ్ స్నాపర్" యని అమ్మిన 120 ముక్కలలో నిజమైనవి 7 మాత్రమే! వానికి బదులుగా న్యూయార్కులో దొరికినవానిలో టైల్ ఫిష్ ఒకటి. అందులో పాదరసము అధికము. గర్భవతులు తినరాదని అచ్చటి ప్రభుత్వమే హెచ్చరించిన చేప. ఇక్కడ పోవునది డబ్బు ఒక్కటేనా?

చేప ముట్టని మన సభ్యులు కొందరు నవ్వుచున్నారు. వారి నేతి డబ్బాను గూర్చి మరియొక దినము మాటలాడుదము.

ఈ పరీక్ష అడవి ప్రాణులకును, సముద్ర ప్రాణులకును రక్షణ యగుచున్నది. 1993లో స్కాట్ బేకర్, స్టీఫెన్ పలుంబీ యను శాస్త్రజ్ఞులు జపాను అంగళ్లలో తిమింగలపు మాంసము కొనిరి. అనుమతి లేక దానిని దేశము దాటింపరాదు. అందువలన పరికరములను తమ హోటలు గదికే తెచ్చుకొని అక్కడనే జన్యు నకళ్లు తీసికొనిరి. వేట నిషేధింపబడిన మూపు తిమింగలపు మాంసము అందులో బయటపడినది.

మన తెలుగువారి నడుమనే, హైదరాబాదు అత్తాపూరులో, కణ అణు జీవశాస్త్ర కేంద్రమువారి వన్యప్రాణి ప్రయోగశాల కలదు. అది 2007లో జాతికి అంకితమైనది. కీర్తిశేషులు డాక్టరు లాల్జీ సింగుగారు దానికి మూలపురుషులు. అటవీశాఖలవారు పట్టుకొన్న మాంసము, చర్మము, ఎముక మొదలగువానిని అచ్చటికి పంపుదురు. పట్టుబడినవాడు "ఇది మేక మాంసము" అనును. పరీక్ష దుప్పి యని చెప్పును. అప్పుడు 1972 నాటి వన్యప్రాణి చట్టమునకు సాక్ష్యము దొరకును.

ఇక నా పులస సంగతి. విచారించి తెలిసికొన్నది చెప్పెదను. సముద్రములోని విలసయు, ధవళేశ్వరము ఆనకట్ట వరకు ఎదురీది వచ్చిన పులసయు ఒక్క జాతియే. కావున జాతిని గుర్తించు పరీక్ష రెండింటికిని ఒకే పేరు చెప్పును. వేరు జాతి చేపను అంటగట్టినయెడల పట్టుకొనును గాని, ఒడిశా తీరపు విలసను మంచుపెట్టెలో తెచ్చి పులస యన్నచో పట్టుకొనలేదు. మా అమ్మ నాలుకయే ఇచ్చట మేలైన ప్రయోగశాల!

ఈ మోసము నష్టపరచునది నన్ను మాత్రమే కాదు. వరదలో ప్రాణములకు తెగించి వలవేసిన మన మత్స్యకారుని నిజమైన పులసను ఎవరును నమ్మకుందురు. అంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. సంతలో చేప నిండుగా కనబడుచుండగా, ఏటిలో తరిగిపోయినదను సంగతి ఎవరికి తెలియును?

తట్ట నెత్తిన పెట్టుకొని తిరుగు ఆడవారిపై కోపగింపవలదు. వారికి చెప్పిన పేరే వారు చెప్పుదురు. పడవ దిగిన రేవు, పట్టిన దినము చీటిమీద వ్రాయించిన చాలును. ఈ కోరికతో మత్స్యశాఖవారికి పంపవలసిన విజ్ఞప్తి చిత్తుప్రతి నా కొట్టులో ఉన్నది. సంతకము చేయదలచినవారు ఆదివారము సాయంకాలము దయచేయగోరుచున్నాను.